అంతుచిక్కని జ్వరం

38.3 డిగ్రీల సెల్సియస్ దాటి మూడు వారాలకు పైగా వస్తూ పోతూ ఉండే జ్వరం. ఆస్పత్రిలో వారం రోజులు పరీక్షించినా కారణం దొరకదు. 1961లో అమెరికా వైద్యులు పీటర్స్‌డార్ఫ్, బీసన్ ఇచ్చిన నిర్వచనమిది. క్రోన్స్ వంటి పేగు వ్యాధికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్న టీనేజీ పిల్లల విషయంలో మాత్రం అన్ని రోజులు ఆగకూడదు.

వీరిలో పేగు వ్యాధే మళ్లీ రాజుకుని ఉండొచ్చు, పొట్టలో చీముగడ్డ కట్టి ఉండొచ్చు. ఆ మందుల్లో ఒకటైన అజథయోప్రిన్ మొదలెట్టిన తొలి వారాల్లో ఒక్కోసారి ఆ మందే జ్వరం తెప్పిస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మరో మందు సంగతి వేరు. అది అడ్డుకునే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్, క్షయ క్రిములను కట్టడిలో ఉంచే కాపలాదారు; ఆ కాపలాదారు తప్పుకుంటే నిద్రాణంగా ఉన్న క్షయ లేస్తుంది, ఊపిరితిత్తుల్లోనే అని కూడా లేదు. మన దేశంలో చిక్కు ఇంకా ఎక్కువ: పేగు క్షయ, క్రోన్స్ చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. క్షయను పసిగట్టే మాంటూ చర్మపరీక్ష నెగెటివ్ అని ధీమా పడలేం, ఈ మందులు ఆ స్పందననూ అణిచేయగలవు.

అజథయోప్రిన్ వాడేవారికి ఎప్‌స్టీన్-బార్ వైరస్ తొలిసారి సోకడం మరో ముప్పు. ప్లీహం పెరిగి, రక్తకణాలు తగ్గి, రక్తంలో ఫెరిటిన్ అనే ప్రొటీన్ వేలల్లోకి ఎగబాకితే రక్షక కణాలే రక్తకణాలను మింగేసే హెచ్ఎల్‌హెచ్‌ను అనుమానించాలి. లింఫోమా అనే క్యాన్సర్ కోసమూ వెతకాలి. ఇవేవీ తేలకముందే స్టెరాయిడ్ పెంచితే జ్వరం దిగొచ్చు, అసలు రోగం జాడ మరుగున పడొచ్చు.