చోడవరం ఓటు, పార్లమెంటు లెక్క

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పేటల్లో ఓ మాట వినబడుతుంది: "మన ఓట్లు పడకపోతే వాడు గెలిచేవాడా?" ఈ మాటలో నిజముంది. అయితే ఒకణ్ణి గెలిపించే ఓటు వేరు, తాను గెలిచే ఓటు వేరు. దళితుల ఓటు ఇన్నేళ్లుగా మొదటి రకంగానే ఎందుకు మిగిలిపోయిందో తెలియాలంటే ఓట్లు ఎలా లెక్కిస్తారో చూడాలి.

చోడవరం సంగతే తీసుకుందాం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పార్లమెంటుకి మాత్రం ముందునుంచీ అనకాపల్లి నియోజకవర్గమే. దాని కింది ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఎస్సీలకు రిజర్వయింది పాయకరావుపేట ఒక్కటే, అదీ ఎమ్మెల్యే సీటు వరకే. రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్సీలకు నాలుగు: అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. ఉత్తరాంధ్రలో అరకు ఎస్టీలది. ఎస్సీలకు ఒక్క ఎంపీ సీటూ లేదు. చోడవరం మాల, మాదిగ, రెల్లి ఓటరు ఎంపీకి వేసే ఓటు జనరల్ సీటుకే వేయాలి.

జనరల్ సీటులో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, గెలిచినట్టే. సగం ఓట్లు రానక్కర్లేదు. 2009లో అనకాపల్లిలో కాంగ్రెసు, తెలుగుదేశం, ప్రజారాజ్యం ముక్కోణంగా పోటీపడ్డాయి. కాంగ్రెసు అభ్యర్థి సబ్బం హరి సగం కంటే తక్కువ ఓట్లతోనే గెలిచారు. మిగతా ఓట్లన్నీ ఎవర్నీ ఢిల్లీ పంపలేదు.

ఈ పద్ధతి ఒకచోట గుంపుగా ఉన్నవాళ్లకి లాభం, చెదిరి ఉన్నవాళ్లకి నష్టం. దళితులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ఊరికి ఓ పక్కన ఉన్నారు. మన రాష్ట్రంలో ఏ పార్లమెంటు స్థానంలోనూ సగంమంది లేరు. దీని ఫలితం 2014లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడు బి.ఎస్.పి.కి దేశం మొత్తం మీద రెండు కోట్లకు పైగా ఓట్లు, అంటే నాలుగు శాతం పైచిలుకు వచ్చాయి. ఓట్లలో మూడో పెద్ద పార్టీ. సీట్లు సున్నా. అంతకంటే తక్కువ ఓట్లొచ్చిన తృణమూల్ కాంగ్రెసుకు 34, అన్నా డి.ఎం.కె.కు 37 సీట్లు వచ్చాయి, వాటి ఓట్లు ఒక్కో రాష్ట్రంలోనే కుప్పగా పడ్డాయి గనక. బి.జె.పి.కి 31 శాతం ఓట్లకు 282 సీట్లు. ఓట్ల దామాషాలో పంచి ఉంటే బి.ఎస్.పి.కి సుమారు 22 మంది ఎంపీలు ఉండేవారు.

అలా పంచే దేశాలున్నాయి. దక్షిణ అమెరికాలోని గయానా ఒకటి. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు నరికే మనవాళ్లకి ఆ దేశం మరీ పరాయిదేం కాదు. 1838 నుంచి 1917 దాకా అక్కడి చెరకు తోటలకు మనదేశం కూలీల్ని ఓడలెక్కించారు. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ పాలనలో 1961లో అక్కడ మన పద్ధతిలోనే ఎన్నిక జరిగింది. ఛెడ్డీ జగన్ పార్టీకి సుమారు 43 శాతం ఓట్లు, 35లో 20 సీట్లు. ప్రతిపక్షమైన ఫోర్బ్స్ బర్న్‌హామ్ పార్టీకి 41 శాతం ఓట్లు, 11 సీట్లే. 1964లో దేశమంతా ఒకే నియోజకవర్గం చేసి, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచారు. జగన్ పార్టీకి ఓట్లు పెరిగి 46 శాతం దాకా వచ్చినా 53లో 24 సీట్లే దక్కాయి. 22 సీట్ల బర్న్‌హామ్, 7 సీట్ల మూడో పార్టీని కలుపుకుని గద్దెనెక్కాడు. జనం పెద్దగా మారలేదు, లెక్క మారింది.

అక్కడ ఇప్పటికీ దామాషా పద్ధతే. 2020లో మూడు చిన్న పార్టీలు తమ ఓట్లు కలిపి లెక్కించుకుని 65లో ఒక సీటు సంపాదించాయి. మన దగ్గర అలాంటి ఓట్లు చెత్తబుట్టకే.

అంతమాత్రాన దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బ్రిటిష్‌వాళ్లు ఆ పద్ధతి తెచ్చింది చిన్నవాళ్ల మీద ప్రేమతో కాదు, వామపక్షీయుడైన జగన్‌ని దించడానికి. తర్వాత బర్న్‌హామ్ ఏళ్ల తరబడి రిగ్గింగుతోనే గెలిచాడు. ఇంకో చిక్కుంది. అక్కడ ఓటు పార్టీ జాబితాకి. అందులో ఎవరు సభలో కూర్చోవాలో ఎన్నిక అయ్యాక పార్టీ పెద్దలే తేలుస్తారు. సీటు వస్తుంది, మనిషిని ఎంచుకునే హక్కు ఉండదు.

ఈ రెండో చిక్కు మనకి కొత్త కాదు. రిజర్వుడు సీటులో నిలబడేది దళితుడే, గెలుపోటములు తేల్చేది మిగతా కులాల ఓటు, టిక్కెట్టు ఇచ్చేది పార్టీ పెద్ద. అందుకే అంబేడ్కర్ ప్రత్యేక నియోజకవర్గాలు అడిగారు. 1932 సెప్టెంబరులో గాంధీ నిరాహారదీక్ష మధ్య పూనా ఒడంబడికకు ఒప్పుకోవాల్సి వచ్చింది. దళిత ఓటర్లే ముందు నలుగురు అభ్యర్థుల్ని ఎన్నుకునే ఏర్పాటు అందులో ఉండేది. 1950 రాజ్యాంగంలో దానికీ చోటు లేకుండా పోయింది.

నియమం మార్చడం కష్టమని పెద్దలంటారు. తమకు తగిలితే ఎంత తేలికో ఉత్తరాంధ్రే చూసింది. 1957లో పార్వతీపురం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ. ఓట్లు లెక్కిస్తే మొదటి రెండు స్థానాల్లోనూ ఆదివాసీలే నిలిచారు. జనరల్ సీటు డిప్పల సూరి దొరకి దక్కింది. కొద్ది వందల ఓట్ల తేడాతో ఓడిన వి.వి. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు సూరి దొర గెలుపే సరైందంది. 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే రద్దు చేసింది. దీనికి వేరే కారణాలూ చెప్పారు. కానీ అణగారినవాళ్లు జనరల్ సీటూ గెలవగల దారి ఒకటి దాంతోపాటే మూసుకుపోయింది.

నియోజకవర్గాల సరిహద్దులు, రిజర్వుడు సీట్లు దేవుడు గీసినవి కావు, కమిషన్లు గీసినవి. 84వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ సీట్ల పంపకాన్ని 2026 తర్వాతి మొదటి జనాభా లెక్కల దాకా ఆపి ఉంచింది. మళ్లీ గీసేటప్పుడు సీట్లు ఎన్నని అడగడంతో సరిపెట్టుకోకూడదు. ఉత్తరాంధ్ర దళితులకు ఎంపీ సీటేదని అడగాలి. చెదిరిన ఓటు ఏమవుతుంది, అభ్యర్థిని ఎవరు నిలబెడతారు అనీ అడగాలి. పేటకి ఓటు కోసం వచ్చే ప్రతి పార్టీనీ చోడవరంలోనే ఈ మూడూ నిలదీయొచ్చు.