పాత ట్రాక్టరును బాగుచేయించుట లాభమా?

ఎడ్లను కొనబోవు రైతు సంతలో వాటి పండ్లు చూచును, నడక చూచును, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును. అంతటి జాగ్రత్త గల రైతే పాత ట్రాక్టరు విషయములో ఒక్కొక్కప్పుడు తొందరపడుచున్నాడు. తొలకరి ముంచుకొని వచ్చును, బండి కదలదు. మెకానిక్కు అడిగిన మొత్తమును అప్పు తెచ్చి చెల్లించును. ఆరు నెలలు తిరుగకముందే ఆ బండి మరల షెడ్డు చేరును. అప్పు మాత్రము ఇంటనే నిలుచును. ఈ చిక్కు రాకుండవలెనన్నచో, ఇంజనును విప్పించుటకు ముందే మూడు విషయములు తేల్చుకొనవలెను: లోపము ఎట్టిది, ఖర్చునకు తగిన విలువ వచ్చునా, కాగితములు సరిగా ఉన్నవా.

లోపమును గుర్తించుట

ఇంజనును ఉదయము, పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, నడిపి చూడవలెను. ముందే వేడిచేసి ఉంచిన ఇంజనులో కొన్ని లోపములు బయటపడవు. తరువాత పొగను గమనింపుడు. నల్లని పొగ విడువక వచ్చుచున్నచో గాలి ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చును. లేదా ఇంజెక్టర్లు, డీజిలు పంపు చెడి ఉండవచ్చును. ఫిల్టరు దోషమైనచో స్వల్ప వ్యయముతో తీరును. నీలిరంగు పొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలిపోవుచున్నదని గ్రహింపవలెను. పిస్టను రింగులు, లైనర్లు అరిగినప్పుడు సాధారణముగా ఇట్లు జరుగును. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లని పొగ ఆగక, రేడియేటరులో నీరు తగ్గిపోవుచున్నచో, ఆ నీరు సిలిండరులోనికి చేరుచున్నదేమో అని అనుమానింపవలెను. ఆయిలు కొలుచు కడ్డీని తీసి చూడుడు. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నచో అందులో నీరు కలిసినదన్నమాట. అట్టి ఇంజనును నడుపరాదు.

ఇంజను బాగున్నచో నాగలి తగిలించి పొలములో దున్ని చూడవలెను. బరువు పడినప్పుడు గేరు జారుట, క్లచ్చు పట్టు విడుచుట, పైకెత్తిన నాగలి తనంతట తాను దిగిపోవుట, ఇవి రోడ్డుపై ఖాళీగా నడిపినప్పుడు తెలియవు. క్లచ్చు ప్లేటు మార్చుట సామాన్యమైన పని. గేరుపెట్టె దెబ్బతిన్నను, ఇంజను బ్లాకు పగిలినను ఖర్చు మిక్కిలి పెరుగును. టైర్లు, బ్యాటరీ మార్చవలసి ఉన్నచో వానిని కూడ లెక్కలో చేర్చవలెను. ఆ నమూనాకు విడిభాగములు సమీప పట్టణములో దొరకునో లేదో ముందే విచారింపవలెను.

కాగితముపై లెక్క

ఒక ఉదాహరణ చూతము. రామయ్య అను రైతు ట్రాక్టరు ఉన్నది ఉన్నట్లు అమ్మినచో 1,20,000 రూపాయలు వచ్చుననుకొందము. అదే నమూనా, అదే వయస్సు గల మంచి బండి 2,60,000 రూపాయలకు దొరకుచున్నది. మెకానిక్కు మరమ్మతుకు 1,20,000 రూపాయలు చెప్పినాడు. నేటి విలువ, మరమ్మతు ఖర్చు కలిపి 2,40,000 రూపాయలు. ఇరువదివేలు మిగులునట్లు కనిపించును. కాని విప్పిన తరువాతగాని తెలియని లోపములు కొన్ని ఉండును. అందుకై అంచనాలో నాలుగవ వంతు, అనగా 30,000 రూపాయలు, అదనముగా చేర్చవలెను. అప్పుడు మొత్తము 2,70,000 రూపాయలగును. లాభమనుకొన్నది పదివేల నష్టముగా తేలినది. బండి షెడ్డులో ఉన్న దినములలో పోవు పని, అప్పుపై వడ్డీ ఇందులో చేరనేలేదు.

“నిరుడే యాభైవేలు పోసితిని, ఇప్పుడెట్లు విడిచిపెట్టుదును?” అని కొందరు అందురు. పోయిన సొమ్ము బండిని అమ్మినను రాదు, ఉంచుకొన్నను రాదు. దానిని లెక్కలోనికి తేరాదు. చచ్చిన బర్రెకు పాలెక్కువ అని సామెత. ఒకప్పుడు ఈ బండి ఎంత దున్నినదను మాట కూడ నేటి నిర్ణయమునకు పనికిరాదు.

కొద్దిపాటి భూమి గల రైతు మరియొక లెక్క వేయవలెను. ఏడాదిలో కొన్ని దినములే పని ఉన్నచో, బాడుగ ట్రాక్టరుకు అగు ఖర్చెంత, సొంత బండికి అగు ఖర్చెంత అని పోల్చుకొనవలెను. 2014-15లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకము క్రింద అనేక చోట్ల యంత్రములను బాడుగకిచ్చు కేంద్రములు ఏర్పడినవి. సమీపమున అట్టి కేంద్రమున్నదేమో వ్యవసాయ శాఖ వారిని అడుగవలెను.

కాగితములు

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. తరువాత తనిఖీ చేయించి 5 సంవత్సరములకు ఒకసారి పొడిగించుకొనవచ్చును. గడువు దగ్గరపడిన బండిపై పెద్ద మొత్తము పెట్టుటకు ముందు ఇది చూచుకొనవలెను. పాత బండిని కొనువారు ఇంజను సంఖ్యను, ఛాసిస్ సంఖ్యను రిజిస్ట్రేషను పత్రముతో పోల్చవలెను. దానిపై బ్యాంకు అప్పు ఉన్నచో అది తీరినట్లు పత్రము తీసుకొనవలెను. 29, 30 ఫారములతో యాజమాన్యమును తమ పేరునకు మార్పించుకొనవలెను.

బాగుచేయించుట లాభము కాదని తేలిన బండిని ఊరికే పాత ఇనుమువానికి అప్పగింపరాదు. రిజిస్ట్రేషను మీ పేరుననే ఉన్నంతకాలము బాధ్యతయు మీదే. 2021లో వెలువడిన నిబంధనల క్రింద నమోదైన తుక్కు కేంద్రమునకు ఇచ్చినచో, వారు బండిని స్వీకరించినట్లు ధ్రువపత్రమిత్తురు. రవాణా కార్యాలయములో రిజిస్ట్రేషను రద్దయినదో లేదో కూడ కనుగొనవలెను.

బండి నడుపుట, సంరక్షణ నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇచ్చుచున్నారు. ఇంట ఒకరైనను ఈ పని ఎరిగినచో మెకానిక్కు మాటను సరిచూచుకొనుటకు వీలగును.

ఈ పరీక్షయు, ఈ లెక్కయు ఎండకాలములోనే ముగించవలెను. అప్పుడు ఇద్దరు మెకానిక్కులను అడుగుటకు వ్యవధి ఉండును. తొలి వాన కురియు నాటికి సొంత బండి సిద్ధముగా ఉండును. లేదా బాడుగ బండి మాట్లాడుకొనబడి ఉండును.