మంచుకొండల నడుమ తటస్థ రాజ్యము

ఇరుగుపొరుగువారు కలహించుచుండగా నడిమి యింటివాడు తలుపు మూసికొన్నంతమాత్రమున వానికి రక్షణ కలుగదు. రాజ్యముల విషయమును అట్టిదే. 1940లో నార్వే, హాలెండు, బెల్జియము దేశములు తటస్థముగా నుండియు జర్మను సేనల పాలయ్యెను. స్విట్జర్లాండు మాత్రము నిలిచెను. అది యెట్లు సాధ్యమయ్యెను?

స్విట్జర్లాండు ఆల్ప్సు పర్వతములలోని చిన్న దేశము. దాని వైశాల్యము సుమారు 41,000 చదరపు కిలోమీటర్లు. దాని తాటస్థ్యమును 1815లో యూరపులోని పెద్ద రాజ్యములు అంగీకరించెను. తటస్థ దేశము పోరాడు పక్షములలో దేనికిని సేనల నీయరాదు. తన నేలమీదుగా ఏ సైన్యమును పోనీయరాదు. 1907 నాటి హేగు ఒడంబడిక యీ ధర్మములను నిర్ణయించినది.

కాగితముమీది మాటకు బలమిచ్చినవి మూడు. మొదటిది సైన్యము. 1939 సెప్టెంబరులో యుద్ధ మారంభము కాగానే రైతులు, పనివారు, ఉపాధ్యాయులు తుపాకులు చేపట్టి సరిహద్దులకు పోయిరి. వారి సంఖ్య 4 లక్షలను మించెను. 1940 జూనులో ఫ్రాన్సు ఓడిపోగా, దేశమును దాదాపు అన్ని దిక్కుల జర్మనీ, ఇటలీలు చుట్టుముట్టెను. జూలై 25న సేనాధిపతి ఆన్రీ గీజాన్ తన సేనానాయకులను రూట్లి పచ్చికబయలున సమావేశపరచెను. శత్రువు దండెత్తినచో పర్వతదుర్గములనుండి తుదివరకు పోరాడవలెనని ఆదేశించెను.

రెండవది కనుమలపై గల అధికారము. జర్మనీనుండి ఇటలీకి బొగ్గు గోథార్డు సొరంగము గుండ పోవుచుండెను. దండయాత్ర జరిగినచో ఆ మార్గములను పేల్చివేయుటకు స్విస్సులు సిద్ధపడిరి. అప్పుడు గెలిచినవానికి రాళ్లకుప్పలే మిగులును.

మూడవది ఆహారము. విదేశీ ధాన్యము తగ్గిపోగా, వాలెన్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుని పథకము ననుసరించి ఉద్యానవనములలోను, ఆటస్థలములలోను సయితము బంగాళాదుంపలు పండించిరి.

అయినను ఈ శాంతి వెల లేకుండ లభింపలేదు. స్విట్జర్లాండు జర్మనీతో వ్యాపారము సాగించెను. అది దోచి తెచ్చిన బంగారమును సయితము కొనెను. 1942 ఆగస్టులో సరిహద్దు మూసి, ప్రాణభీతితో వచ్చిన యూదులను వేలకొలదిగా వెనుకకు పంపెను. వారిలో పలువురు మృత్యువు పాలైరి. 1995లో దేశాధ్యక్షుడు కాస్పర్ విల్లిగర్ యూదులపట్ల జరిగిన అన్యాయమునకు క్షమాపణ చెప్పెను. ఆ కాలముననే జెనీవాలోని రెడ్‌క్రాసు సంఘము యుద్ధఖైదీల వార్తలను వారి కుటుంబములకు చేర్చుచుండుటయు మరువరానిది.

తాటస్థ్యము నిద్ర కాదు, మెలకువ. ఆత్మరక్షణకు సిద్ధపడని తటస్థునకు భద్రత లేదు. వాకిట నిలిచిన ఆర్తుని త్రోసివేసినచో, యుద్ధము తప్పినను నింద తప్పదు.