కడలి కొలతలు, సీమ వానలు

భారతదేశం చుట్టూ ఉన్న సముద్రాల్లో గాలి, అల, వేడి, ఉప్పదనం, నీటి ఒరవడి ఎప్పటికప్పుడు ఎలా మారుతున్నాయో కొలిచే పరికరాలు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. వాటిని నడిసంద్రంలో నిలబెట్టడం, బయటికి తీసి బాగుచేయడం, అవి పంపే అంకెలను నమ్మవచ్చో లేదో తేల్చడం కొందరు ప్రభుత్వ శాస్త్రవేత్తల ఉద్యోగం. ఈ పనికి దేశంలో రెండు సంస్థలు ముఖ్యం. నీటిపై తేలుతూ కొలిచే పరికరాలైన బోయ్‌లను తయారుచేసి సముద్రంలో నిలిపేది 1993లో చెన్నైలో ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ. సమాచారాన్ని అందుకుని, వడబోసి, సూచనలుగా, హెచ్చరికలుగా మార్చేది 1999లో మొదలైన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. ఇది ఉన్నది హైదరాబాద్ ప్రగతినగర్‌లో. సముద్రానికి ఇంత దూరాన ఎందుకని అనిపించవచ్చు. అంకెలు ఉపగ్రహాల ద్వారా వస్తాయి కనుక ఒడ్డునే ఉండాల్సిన పని లేదు. తుపానుకూ సునామీకీ అందని చోట ఉండటం హెచ్చరికల కేంద్రానికి మేలు కూడా.

సముద్రానికి దూరంగా ఉన్న రాయలసీమ రైతుకూ ఈ కొలతలతో పని ఉంది. కర్నూలు ప్రాంతంలోని మంత్రాలయం నుంచి చూస్తే తూర్పు తీరం సుమారు 300 కిలోమీటర్లు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో పత్తి విత్తే రైతు పదును కోసం జూన్‌లో ఆకాశం వంక చూస్తాడు. అతని చేనుకు వచ్చే తడి అరేబియా సముద్రం, బంగాళాఖాతం, వాటికి దక్షిణాన ఉన్న హిందూ మహాసముద్రం మీదుగా ప్రయాణించి వచ్చేదే. 2009 సంవత్సరం దీనికి మరచిపోలేని సాక్ష్యం. ఆ ఏడాది పసిఫిక్‌లో సముద్రం మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో తలెత్తింది. దేశమంతటా కలిపి నైరుతి వర్షపాతం 22 శాతం తగ్గింది. ఇక కరువేనని అంతా దిగులుపడుతున్న వేళ బంగాళాఖాతపు అల్పపీడనం తుంగభద్ర, కృష్ణా పరీవాహక ప్రాంతాల్లో కుండపోత కురిపించింది. అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠాన్ని ముంచింది, కర్నూలు నగరం నీట మునిగింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కురిసిన వానకూ మూలం బంగాళాఖాతంలోని వాయుగుండమే. సీమకు వాన లేకపోవడమూ, వాన ఎక్కువైపోవడమూ సముద్రంతో ముడిపడినవే.

తెలుగునాట సముద్ర శాస్త్రానికి పునాది విశాఖపట్నం వాల్తేరులో పడింది. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి విశాఖ తీరపు నీటిని కొలవడం మొదలుపెట్టారు. లోపలి చల్లని నీరు కొన్ని నెలల్లో పైకి ఉబికి రావడాన్ని వివరించారు. అయితే ఓడ మీద తీసిన కొలత ఆ రోజుకు, ఆ చోటుకు మాత్రమే చెల్లుతుంది. ఓడ తిరిగి వచ్చాక అక్కడ ఏం జరిగిందో చెప్పే సాధనం అప్పట్లో లేదు. తుపాను చెలరేగేటప్పుడైతే ఓడలు అటువైపే పోవు. మనుషులు ఉండలేని చోట పరికరమే ఉండాలి. ఆ లోటు తీర్చడానికి 1996లో జాతీయ డేటా బోయ్ కార్యక్రమం ఆరంభమైంది.

ఇప్పుడు బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో ఓమ్ని అనే రకం బోయ్‌లు డజను దాకా ఉంటాయి. పైకి కనిపించేది పసుపుపచ్చ డొల్ల, దాని మీద సౌరఫలకాలు, గాలిని, పీడనాన్ని, తేమను కొలిచే సెన్సర్లు. అసలు విషయం నీటి కింద ఉంటుంది. 500 మీటర్ల లోతు వరకు తీగ వెంట అంచెలంచెలుగా బిగించిన సెన్సర్లు నీటి వేడిని, ఉప్పదనాన్ని నమోదు చేస్తాయి. ఆ కింద కిలోమీటర్ల పొడవు తాడు, తాడు కొసన అడుగు మట్టిలో కూరుకున్న భారీ లంగరు.

ఉప్పదనాన్ని అంత పట్టుగా కొలవడానికి బంగాళాఖాతంలో ప్రత్యేక కారణం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలిక కావడంతో, నూనె నీళ్ల మీద నిలిచినట్టు, ఉప్పునీటి పైన పొరగా నిలుస్తుంది. ఆ పొర ఉన్నచోట కింది చల్లని నీరు పైకి కలవడం కష్టమై, ఉపరితలం వేడిగానే ఉండిపోతుంది. తుపానుకు బలమిచ్చేది ఆ వేడే. మంత్రాలయం పక్కనుంచి పారే తుంగభద్ర ఆలంపూర్ దగ్గర కృష్ణలో కలిసి, వరద కాలంలో సముద్రం దాకా చేరి ఆ పొరకు తన వంతు నీరు కలుపుతుంది.

ఈ పరికరాల నిర్వహణ ఒళ్లు వంచి చేయాల్సిన పని. సముద్రం కాస్త నెమ్మదించే నెలలు చూసుకుని సాగర్ నిధి వంటి పరిశోధక నౌకల మీద బృందాలు బయలుదేరుతాయి. బోయ్ దగ్గరికి చేరాక ఓడ నుంచి నీటిలోకి శబ్ద సంకేతం పంపుతారు. అడుగున లంగరుకు పైన ఉన్న కొక్కెం ఆ సంకేతం విని విడిపోతుంది. చిన్న రబ్బరు పడవలో ఇద్దరు ముగ్గురు వెళ్లి బోయ్‌కు కొక్కెం తగిలిస్తే క్రేన్ దాన్ని డెక్ మీదికి ఎత్తుతుంది. ఓడ ఒక లయలో, బోయ్ మరో లయలో ఊగుతుంటాయి కనుక ఈ ఘట్టంలోనే ప్రమాదం ఎక్కువ. డెక్ మీదికి వచ్చిన బోయ్ అడుగు భాగమంతా నాచు, గుల్లలు, వాటి మధ్య కదిలే చిన్న పీతలు. గుల్లల్ని గోకి తీయాలి; తీగ వెంట ఉన్న సెన్సర్లను ఒక్కొక్కటిగా విప్పి, కొత్తవి బిగించి, బ్యాటరీలు మార్చి, తిరిగి దించాలి. దించాక పక్కనే ఓడ నుంచి మరో పరికరాన్ని నీటిలోకి వదిలి, రెండూ ఒకే లెక్క చెబుతున్నాయో లేదో చూస్తారు.

ఉప్పదనాన్ని నేరుగా కొలవరు. నీటిలో విద్యుత్తు ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో చూసి లెక్కకడతారు. సెన్సర్ లోపలి సన్నని గొట్టంలో జిగురులాంటి పాచి పేరుకుంటే లెక్క నెమ్మదిగా, ఎవరికీ అనుమానం రాకుండా పక్కకు జరిగిపోతుంది. ఆగిపోయిన పరికరం వెంటనే తెలిసిపోతుంది. తప్పు చెబుతూ పనిచేసేదే ప్రమాదకరం. అందుకే ఒడ్డుకు తెచ్చిన సెన్సర్లను ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించి, అవి నీటిలో ఉన్న కాలమంతటి లెక్కను సరిదిద్దుతారు.

మనుషుల వల్ల జరిగే నష్టమూ ఉంది. బోయ్ నీడన చేపలు గుమిగూడతాయి. మరపడవలు దానికి తాడు కట్టుకుని వేట సాగిస్తే సెన్సర్లు విరుగుతాయి, తీగలు తెగుతాయి. సౌరఫలకాలు, బ్యాటరీలు మాయమైన సందర్భాలూ ఉన్నాయి. మత్స్యకారుణ్ని తిట్టి లాభం లేదు. రోజుల తరబడి డీజిల్ కాల్చిన పడవకు చేప కనిపిస్తే ఆగుతుంది. చేపలు దొరికే చోట్ల సూచనలను, అలల హెచ్చరికలను అతనికి అందించేది కూడా ఇదే వ్యవస్థ. తీర గ్రామాల్లో అవగాహన సభలు పెట్టడం, బోయ్‌లకు కెమెరాలు అమర్చడం ఇప్పుడు ఉద్యోగంలో భాగమయ్యాయి.

ఆర్గో ఫ్లోట్ అనేది తాడూ లంగరూ లేని పరికరం. 1000 మీటర్ల లోతున ఒరవడితో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, అక్కడి నుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి, ఉపగ్రహానికి అంకెలు అందించి మళ్లీ మునుగుతుంది. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి సుమారు 4000 ఉన్నాయి. భారత్ 2002 నుంచి వీటిని వదులుతోంది. బ్యాటరీ అయిపోయేదాకా కొన్నేళ్లు పనిచేసే వీటిని సాధారణంగా తిరిగి తీయరు. కాబట్టి ఇక్కడ మరమ్మతు అంటే అంకెల మరమ్మతే. చుట్టుపక్కల ఫ్లోట్లతో, ఓడల కొలతలతో పోల్చి తేడాను ఇన్‌కాయిస్‌లో సరిచేస్తారు.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మరో బాధ్యత చేరింది. 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. సముద్రపు అడుగున పెట్టిన పీడన పరికరం కిలోమీటర్ల లోతు నీటి బరువులో వచ్చే స్వల్ప మార్పును పసిగట్టి, పైనున్న బోయ్‌కు శబ్దంగా చేరవేస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ జరగకపోయినా అది ప్రతి క్షణం సిద్ధంగా ఉండాలి.

ఈ అంకెలు రైతు దాకా వచ్చే దారి పొడవైనది. ఉపగ్రహం సముద్రపు పైపొరనే చూస్తుంది. ఎల్‌నినో వేడి దాగేది లోపల. బోయ్‌లు, ఫ్లోట్ల అంకెలను కలిపి ఇన్‌కాయిస్ కంప్యూటర్లలో సముద్రపు అంతర్భాగ చిత్రాన్ని తయారుచేస్తారు. రుతుపవనాల సీజన్‌ను ముందుగా అంచనా వేసే నమూనాలు ఆ చిత్రంతోనే లెక్క మొదలుపెడతాయి. ఆ అంచనా విశాల ప్రాంతానికి చెల్లుతుంది; ఎమ్మిగనూరులో ఏ తేదీన పదును పడుతుందో చెప్పే శక్తి దానికి లేదు.

ఈ ఉద్యోగాల్లో చేరేవారు ఎక్కువగా సముద్ర శాస్త్రం, వాతావరణ శాస్త్రం, భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివినవారు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం తరతరాలుగా ఇందుకు విద్యార్థులను అందిస్తోంది. స్థిరమైన పదవులు సైంటిస్ట్-బి స్థాయి నుంచి మొదలవుతాయి. ప్రాజెక్టు సైంటిస్టులు కాలపరిమితి ఒప్పందం మీద పనిచేస్తారు. నౌకాయానంలో వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండాలి, వాంతులు తట్టుకోవాలి, వాతావరణం అనుకూలించక వెనుదిరిగితే మళ్లీ ఓడ దొరికేదాకా ఆగాలి. ఈలోగా బోయ్ మూగబోతే ఆ చోటి సముద్రం లెక్క అన్నాళ్లూ ఖాళీగానే ఉండిపోతుంది. గడిచిన రోజు వేడిని మళ్లీ కొలవడం ఎవరికీ సాధ్యం కాదు.