పెట్రోలు గుర్రమా? కరెంటు గుర్రమా?



పోయిన ఆదివారం మా డార్మిటరీలో జరిగిన గొడవ మీలో చాలామందికి తెలుసు. నా ట్రంకు పెట్టె మూత లోపల పాత బి.ఎం.డబ్ల్యూ. ఎం5 అనే పెట్రోలు కారు బొమ్మ అతికించుకున్నాను. నా పక్క మంచం తమ్ముడు పోర్షే టైకాన్ అనే కరెంటు కారు బొమ్మ అతికించుకున్నాడు. "మాదే ఫాస్టు" అంటే "మాదే ఫాస్టు" అని మొదలై రెండు బొమ్మలూ చిరిగినంత పని అయింది. అంతలో వార్డెన్ సారు వచ్చి, "నోటితో కాదురా, లెక్కతో తేల్చండి. తేల్చింది గోడ పత్రికకి రాయండి" అన్నారు. అందుకే ఈ వ్యాసం. లెక్కలు సైన్సు సారుకి చూపించి సరిచేసుకున్నాను.

స్పోర్ట్స్ సెడాన్ అంటే ఏమిటి?

సెడాన్ అనగా నాలుగు తలుపులు, వెనక డిక్కీ ఉన్న మామూలు కారు. ఆఫీసరు గార్లు తిరిగే కారు లాగే ఉంటుంది. కానీ స్పోర్ట్స్ సెడాన్‌లో గట్టి ఇంజను, గట్టి బ్రేకులు, గట్టి స్ప్రింగులు ఉంటాయి. పొద్దున పిల్లల్ని బడికి దింపవచ్చు, సాయంత్రం రేసు కారు లాగా నడపవచ్చు.

ఇందులో పేరు పొందినది జర్మనీ దేశపు ఎం5. మొదటి ఎం5 1985లో వచ్చింది. దానికి ఆరు సిలిండర్ల ఇంజను, 286 అశ్వశక్తి. ఆ ఇంజను ఎం1 అనే ఆ కంపెనీ రేసు రకం కారు ఇంజను నుంచి పుట్టింది. తరువాత 1998లో వచ్చిన ఎం5కి ఎనిమిది సిలిండర్లు, 400 అశ్వశక్తి. దాన్ని 2003 వరకు తయారు చేశారు. ఆరు గేర్లు, అన్నీ చేత్తోనే మార్చాలి. నా పెట్టె మీద ఉన్నది అదే.

పోర్షే టైకాన్ కూడా జర్మనీదే, 2019లో వచ్చింది. దానికి పెట్రోలు ట్యాంకు లేదు, సైలెన్సరు లేదు. నేల కింద బ్యాటరీ, ముందొక మోటారు, వెనకొక మోటారు. అందులో టర్బో ఎస్ అనే రకంతో పోల్చి చూద్దాము.

ముందు ఒక ఆశ్చర్యం

కరెంటు కారు కొత్తగా వచ్చిందని మనం అనుకుంటాం. అది నిజం కాదు. గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు కరెంటు కారే! 1899 ఏప్రిల్ 29న ఫ్రాన్సు దేశంలో పారిస్ దగ్గర, కామీ జెనాట్జీ అనే బెల్జియం ఆయన తుపాకీ గుండు ఆకారంలో ఉన్న బ్యాటరీ బండిని గంటకు 105 కి.మీ. పైన నడిపాడు. తరువాత పెట్రోలు చవకగా దొరికి, ఇంజన్లు బాగుపడి, బ్యాటరీ బండ్లు వెనకబడ్డాయి. మళ్లీ పైకి రావటానికి దగ్గర దగ్గర వందేళ్లు పట్టింది.

పరుగు పందెం లెక్క

ఆగి ఉన్న కారు గంటకు 100 కి.మీ. వేగం అందుకోవటానికి పట్టే కాలం, కంపెనీలు చెప్పిన లెక్క ప్రకారం:

1. ఎం5 (1985) – 6.5 సెకన్లు
2. ఎం5 (1998) – 5.3 సెకన్లు
3. టైకాన్ టర్బో ఎస్ (2019) – 2.8 సెకన్లు

ఇప్పుడు మన భౌతికశాస్త్రం వాడదాము. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. దీన్ని కాలంతో భాగిస్తే త్వరణం వస్తుంది. 1998 ఎం5కి సెకనుకు సెకనుకు 5.2 మీటర్లు. టైకాన్‌కి 9.9 మీటర్లు. ఈ అంకె ఎక్కడో చూసినట్లు లేదూ? గురుత్వ త్వరణం 9.8! అంటే చెట్టు మీది నుంచి ఊడిన పనసకాయ కిందికి ఎలా వేగం పుంజుకుంటుందో, టైకాన్ రోడ్డు మీద ముందుకు అలా వేగం పుంజుకుంటుంది. లోపల కూర్చున్నవాడి వీపు సీటుకి అతుక్కుపోతుంది.

కాబట్టి పందెంలో నేను ఓడిపోయాను. గోడ మీద అందరి ముందు ఒప్పుకుంటున్నాను. కానీ ఎందుకు ఓడిపోయానో తెలుసుకోవడం ముఖ్యం కదా.

ఎందుకు ఇంత తేడా?

మన ఘాట్ రోడ్డు ఎక్కే బస్సును గుర్తు తెచ్చుకోండి. మలుపు రాగానే డ్రైవరు గేరు తగ్గిస్తాడు. తగ్గించకపోతే బస్సు ఏడ్చి ఆగిపోతుంది. ఎందుకంటే పెట్రోలు గానీ డీజిలు గానీ మండే ఇంజనుకి బలం తిరుగుడులోనే ఉంటుంది. గాలిని పీల్చాలి, నొక్కాలి, మండించాలి, పొగను బయటికి తోయాలి. ఇంజను ఆగి ఉంటే బలం సున్నా. నెమ్మదిగా తిరిగితే బలం తక్కువ. 1998 ఎం5 ఇంజను నిమిషానికి 3,800 చుట్లు తిరిగినప్పుడు దాని మెలితిప్పే బలం అన్నిటికంటే ఎక్కువ. 6,600 చుట్ల దగ్గర దాని అశ్వశక్తి అన్నిటికంటే ఎక్కువ. ఆ రెంటి మధ్యలో ఇంజనుని ఉంచటానికే క్లచ్చు, గేర్లు. గేరు మార్చిన ప్రతిసారీ క్షణం పాటు చక్రాలకు బలం అందదు.

కరెంటు మోటారు అలా కాదు. తీగ చుట్టలో కరెంటు పారగానే అయస్కాంత బలం పుడుతుంది. మోటారు తిరుగుతున్నా ఆగి ఉన్నా ఆ బలం ఉంటుంది. కనుక మొదటి క్షణం నుంచే పూర్తి బలం. క్లచ్చు లేదు. చాలా కరెంటు కార్లకు ఒకటే గేరు. టైకాన్‌కి మాత్రం వెనక మోటారుకి రెండు గేర్లు కలవు, ఒకటి బయలుదేరటానికి, రెండోది పెద్ద వేగానికి. ఎందుకంటే బాగా వేగం పెరిగితే కరెంటు మోటారు బలం కూడా తగ్గుతుంది.

ఇంకొక కారణం, ఎం5 వెనక రెండు చక్రాలతోనే తోస్తుంది. టైకాన్ నాలుగు చక్రాలతోనూ తోస్తుంది. కాళ్లు జారే బురదలో నలుగురు తోస్తే బండి కదిలినట్లు.

బరువు సంగతి

ఇప్పుడు పెట్రోలు కారు తరఫున మాట్లాడనివ్వండి.

ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండేదే. ఎం5 ట్యాంకు 70 లీటర్లు. అంటే సుమారు 630 యూనిట్లు. ఆ పెట్రోలు బరువు 50 కిలోల చిల్లర, ఒక బియ్యం బస్తా అంత. టైకాన్ బ్యాటరీలో పట్టేది 93 యూనిట్లు, దాని బరువు మాత్రం 600 కిలోల పైన! పన్నెండు బియ్యం బస్తాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తినట్లే.

మరి టైకాన్ ఎలా నెగ్గింది? పెట్రోలు ఇంజను తిన్నది అంతా పనికి వాడదు. మొత్తం శక్తిలో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు చేరుతుందని సుమారుగా చెప్పవచ్చును. మిగతాదంతా వేడిగా రేడియేటరు నుంచి, సైలెన్సరు నుంచి పోతుంది. కరెంటు మోటారు తిన్నదాంట్లో చాలా భాగం పనికే వాడుతుంది.

పైగా ఘాట్ దిగేటప్పుడు కరెంటు కారు ఇంకో పని చేస్తుంది. బస్సు బ్రేకు పట్టీలు వేడెక్కి వాసన రావడం మనకు తెలుసు. ఆ వేడంతా వృథా శక్తే. కరెంటు కారులో మోటారే డైనమోగా మారి, కారుని ఆపుతూ ఆ శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీకి పంపుతుంది. పెట్రోలు కారు కొండ దిగితే ట్యాంకులో పెట్రోలు పెరుగుతుందా? పెరగదు కదా!

అయినా బరువు బరువే. 1998 ఎం5 బరువు 1,800 కిలోలకు దగ్గర, టైకాన్ టర్బో ఎస్ 2,300 కిలోలకు దగ్గర. ఒకే వేగంలో పోతుంటే టైకాన్ గతిశక్తి పావు వంతు పైగా ఎక్కువ. మలుపులో ఆ భారమంతా టైర్లే మోయాలి. బ్యాటరీ నేల కింద ఉండటం వల్ల గరిమనాభి కిందకి ఉంటుంది, అది మేలు. టాపు మీద జనం ఎక్కిన జీపు ఊగినట్లు ఊగదు. కానీ టైర్లు పడే శ్రమ తప్పదు.

బరువు సంగతి కంపెనీకీ తెలుసు. జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ అనే 20.8 కి.మీ. మలుపుల దారిలో టైకాన్ టర్బో జీటీ అనే రకం 7 నిమిషాల 7 సెకన్లలో చుట్టి వచ్చింది. ఆ కారులో బరువు తగ్గించటానికి వెనక సీట్లు పీకేశారు! అప్పుడిక పిల్లల్ని బడికి ఎలా దింపుతారు? ఇది నా తరఫున ఒక మార్కు.

పెట్రోలు వాళ్లు కూడా బరువెక్కారు, అదీ చెప్పాలి. 2024లో వచ్చిన ఎం5లో ఎనిమిది సిలిండర్ల ఇంజనూ ఉంది, కరెంటు మోటారూ ఉంది. బరువు 2,400 కిలోలు దాటింది. 1985 నాటి ఎం5 బరువు 1,400 కిలోల చిల్లరే.

మరి పాత కారుని ఎందుకు ఇష్టపడతారు?

మా అన్న పట్నంలో ఒక షెడ్డులో మెకానిక్. బండి షెడ్డులోకి వస్తుండగానే చప్పుడు విని "టాపెట్లు వదులయ్యాయి", "ఒక ప్లగ్గు కొట్టటం లేదు" అని చెప్పేస్తాడు. పెట్రోలు ఇంజను మాట్లాడుతుంది. వేగం ఎంతో, ఎక్కడ నొప్పి ఉందో చెప్తుంది. నడిపేవాడు క్లచ్చు, గేరు, యాక్సిలరేటరు మూడూ సరిగా కలిపితేనే అది సాఫీగా పోతుంది. తప్పు చేస్తే కుదుపు ఇచ్చి తిడుతుంది. బాగా నడిపితే ఆ సంతోషం నడిపినవాడిదే. 2.8 సెకన్ల కారులో కాలు నొక్కితే చాలు, ఎవరు నొక్కినా ఒకటే.

ఇది కరెంటు కార్లు చేసేవాళ్లకూ తెలిసింది. కొరియా దేశపు హ్యుందాయ్ కంపెనీ 2023లో అయానిక్ 5 ఎన్ అనే కారు తెచ్చింది. అది సెడాన్ కాదు గానీ వేగం కారే. అందులో లేని గేర్లు ఉన్నట్లు కుదుపు ఇస్తుంది, స్పీకర్ల నుంచి ఇంజను చప్పుడు వస్తుంది. అక్కర్లేకపోతే ఆపేసుకోవచ్చు. లేని గేర్లను మళ్లీ తయారుచేశారంటే ఆ పాత పనిలో ఏదో ఆనందం ఉన్నట్లే కదా.

పొగ సంగతి

పెట్రోలు కారు పొగ మన ముక్కుకి తెలుస్తుంది. కరెంటు కారుకి పొగ గొట్టమే లేదు. కానీ ఆ కరెంటు ఎక్కడిది? మన దేశంలో ఎక్కువ భాగం కరెంటు బొగ్గు మండించే తయారవుతుంది. కొంత నీళ్ల నుంచి వస్తుంది. మన కొండల్లోని మాచ్‌ఖండ్, సీలేరు నీళ్లు తిప్పే టర్బైన్లు అలాంటివే. కనుక కరెంటు ఎంత శుభ్రంగా తయారైతే కారు అంత శుభ్రం.

మనకేమిటి?

ఈ కార్లు మనం కొనేవి కావు. మరి ఇంత రాయడం ఎందుకని కొందరు నవ్వవచ్చు. నా సంగతి చెప్తాను. పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరి అన్న లాగా మెకానిక్ కావాలని నా కోరిక. అందుకే పెట్రోలు కారు ఓడితే నాకు అంత కోపం వచ్చింది. దసరా సెలవుల్లో అన్నని అడిగాను, "అన్నా, అన్నీ కరెంటు బండ్లయితే నీ పని ఏమవుతుంది?"

అన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా చెప్పాడు: "టైర్లు, బ్రేకులు, బేరింగులు, స్టీరింగు అన్నిటికీ ఉంటాయిరా. అవి నాకు వచ్చు. కానీ మొన్న ఒక కరెంటు ఆటో వస్తే దాని మోటారు జోలికి పోలేదు. భయం వేసింది. ఆ పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు అది చదువుకుని రా."

అన్న భయపడటంలో తప్పు లేదు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. టైకాన్ బ్యాటరీ 800 వోల్టుల రకం. అలాంటి కార్లలో ప్రాణం తీసే తీగలకు నారింజ రంగు తొడుగు వేస్తారు. ప్రత్యేక గ్లవుజులు, సరైన శిక్షణ లేకుండా వాటిని ముట్టుకోరాదు. చెవితో విని నేర్చుకునే పని కాదది, మీటరు చూసి నేర్చుకునే పని. ఇప్పుడు ఐటీఐలో కరెంటు వాహనాల మెకానిక్ అనే ట్రేడు కూడా వచ్చింది.

కాబట్టి నా తీర్పు ఇది. పరుగులో కరెంటు గుర్రమే నెగ్గింది, ఇందులో వాదం లేదు. నడిపేవాడికి పని నేర్పటంలో పెట్రోలు గుర్రం గొప్పది, ఇందులోనూ వాదం లేదు. నేను ఎం5 బొమ్మ తీసేయను. కానీ దాని పక్కన టైకాన్ బొమ్మ కూడా అతికిస్తాను. పక్క మంచం తమ్ముడు ఇస్తానన్నాడు. కరెంటు పాఠం, అయస్కాంతం పాఠం పరీక్షలో చాయిస్‌గా వదిలేసేవాళ్లు ఇక వదలవద్దని మనవి. వాటిలోనే మన అన్నం ఉండవచ్చు.

ఆలోచించి చెప్పండి

1. టైకాన్ త్వరణం దాదాపు గురుత్వ త్వరణం అంత ఉంది. టైరు జారకుండా ఇంకా పెంచడం ఎందుకు కష్టం?
2. ఘాట్ దిగే కరెంటు కారు బ్యాటరీ అప్పటికే పూర్తిగా నిండి ఉంటే ఏమవుతుంది?
3. పదిహేను మంది ఎక్కిన జీపుకీ ఒక్కడే ఉన్న జీపుకీ బ్రేకు వేస్తే ఏది ముందు ఆగుతుంది? ఎందుకు?

జవాబులు కాగితం మీద రాసి లైబ్రరీ పెట్టెలో వేయగలరు. సరైనవి వచ్చే సంచికలో వేస్తాము. చేతిరాతలో తప్పులుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి,
ట్రంకు పెట్టె నంబరు 34