పోయిన రేకుకు ఉన్న రేకే కొలత

మా పొరుగాయన షెడ్డులో రెండవ ప్రపంచ యుద్ధం నాటి డాడ్జ్ ముప్పావు టన్ను సైనిక ట్రక్కు ఉంది. 1942–45 మధ్య ఇలాంటివి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ బండికి మాత్రం కుడి మడ్‌గార్డు తుప్పుపట్టి రాలిపోయింది.

"కొత్తది ఎలా చేస్తారు?" అని అడిగాం. "డాక్టర్లు, మీకు తెలియదా?" అన్నారాయన. నిజమే! ఒక కాలు ఎంత కురచైందో తెలియాలంటే మేము రెండో కాలిని కొలవమూ?

ఎడమ మడ్‌గార్డుపై అట్ట పరచి అంచులు, మడతలు గీశాం. అట్టను తిరగేస్తే కుడిది! ఒంపులు తక్కువ గనుక రేకును మడిచి అతకడం ఇంటి దగ్గరే సాధ్యం. అయితే ఈ బండికి రెండు పక్కలూ అచ్చం ఒకటి కావు. స్పేరు చక్రం ఎడమవైపు, డ్రైవరు పక్కనే ఉంటుంది. అందుకని బోల్టు రంధ్రాలు బండిమీద పెట్టి చూశాకే వేశాం.

ఇక్కడొక పొరపాటు జరిగింది. చవగ్గా వచ్చిందని ఆయన జింకు పూత రేకు తెచ్చి, షెడ్డు తలుపులు మూసి వెల్డింగు చేశారు. ఆ రాత్రి చలి, జ్వరం, దగ్గు. మేము ఫ్లూ అనుకున్నాం. మర్నాడు తగ్గాక గానీ "నిన్న ఏం పని చేశారు?" అని అడగాలని తోచలేదు. జింకు పొగ పీలిస్తే కొన్ని గంటలకు ఇలాంటి జ్వరం వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. రోగిని మొదట అడగవలసిన ప్రశ్న మేము చివర అడిగాం.

మళ్ళీ మామూలు ఇనుప రేకుతో, తలుపులు బార్లా తీసి చేశాం. పాతదని ఎవరూ భ్రమపడకుండా లోపలివైపు చేసిన సంవత్సరం కొట్టాం. ఇంట్లో వెల్డింగు సరదా ఉన్న మిత్రులారా, రేకు కొనేముందు పూత ఉందేమో చూడండి.