వంటయింటి పద్దు

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అను సామెత పుట్టిన కాలమున వంటయింటికి వేరుగా పద్దు వ్రాయవలసిన అగత్యము లేకుండెను. ఒక మూల మట్టిపొయ్యి, గోడలో రెండు గూళ్ళు, పైన అటక, పెరటిలో రోలు. అంతటితో వంటయిల్లు సిద్ధమయ్యెడిది. నేడట్లు కాదు. మాడ్యులర్ కిచెన్ అను పేరుతో అలమరలు, సొరుగులు, గ్రానైటు గట్టు, పొగను లాగు చిమ్నీ, అన్నియు కొలత ప్రకారము ఒక్కటిగా అమర్చు పద్ధతి పట్టణములలో వ్యాపించినది. ఈ ఒక్క గదికై మధ్యతరగతి గృహస్థుడు కొన్ని నెలల జీతమును కూడబెట్టవలసి వచ్చుచున్నది.

కాగితము ముందు పెట్టుకొన్న గృహస్థుడు మొదట అడుగు ప్రశ్న, ‘చదరపుటడుగునకు ఎంత?’ అని. ధర అడుగుట తప్పు కాదు. కాని దానికంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఆ గదిలో దినమునకు ఎవరు, ఎంతసేపు నిలుచుందురు? ఎన్ని మారులు అటునిటు నడతురు? ఈ ప్రశ్నతోనే వేలకొలది వంటయిండ్లను కట్టిన నగరము ఒకటి కలదు.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీ దేశమున ఇండ్ల కరవు తీవ్రముగా నుండెను. ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఎర్నెస్ట్ మే అను వాస్తుశిల్పి ఆధ్వర్యమున తక్కువ వ్యయముతో అద్దె యిండ్ల నిర్మాణము సాగినది. ఆ యిండ్లలో వంటగదిని రూపొందించు భారము 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అను యువతిపై పడినది. ఆమె 1897లో వియన్నాలో జన్మించినది. ఆస్ట్రియాలో వాస్తువిద్య నభ్యసించిన తొలి మహిళలలో ఒకతె. ఇంటిపనిలో వృథాయగు కదలికలను లెక్కించిన అమెరికా రచయిత్రి క్రిస్టీన్ ఫ్రెడరిక్ గ్రంథమును ఆమె చదివినది. ఇరుకు స్థలమున పెక్కుమందికి వండు రైలుబండి వంటశాలలను పరిశీలించినది.

ఆమె గీచిన గది వెడల్పు సుమారు 6 అడుగులు, పొడవు సుమారు 11 అడుగులు. పొయ్యి, తొట్టి, గట్టు చేరువ చేరువగా నమర్చబడినవి. కూర్చుండి తరుగుకొనుటకు ఎత్తు మార్చదగిన పీట, మడిచి గోడకు చేర్చు ఇస్త్రీ బల్ల, బియ్యము మొదలగు దినుసులకు అల్యూమినియము డబ్బాలు ఏర్పడినవి. ఒకే నమూనాలో దాదాపు పదివేల వంటయిండ్లు తయారగుటచే ఒక్కొక్కదాని వ్యయము కొన్ని వందల మార్కులకు తగ్గినది. ఆ వ్యయమును అద్దెలో కలుపగా నెలకు ఒక్క మార్కు పెరిగినదని చెప్పుదురు.

అంతమాత్రమున ఆ వంటయిల్లు లోపము లేనిదని భావింపరాదు. అది ఒక్కరు పనిచేయుటకు మాత్రమే చాలిన గది. రెండవవారు చేయి కలుపుటకు తావు లేదు. ఏ డబ్బాలో ఏ దినుసు పోయవలెనో పేరు ముందే చెక్కియుండగా గృహిణులు వేరొకటి పోసికొనిరి. తాను ఆ వంటయింటిని రూపొందించుటకు ముందు ఎన్నడును వంట చేసి యెరుగనని షుట్టె-లిహోట్‌స్కీ అనంతర కాలమున స్వయముగా చెప్పినది. అడుగుల లెక్క శాస్త్రజ్ఞులకు అందినది. నిలుచుండి వండువారి మాట అందలేదు.

తెలుగు గృహములలోను ఈ లోపమే వేరు రూపమున కనబడుచున్నది. పద్దు వ్రాయువారు ఒకరు, వండువారు వేరొకరు. పొయ్యికిని తొట్టికిని నడుమ మూడడుగుల దూరము అనవసరముగా మిగిలినదనుకొన్నచో, దినమునకు నూరు మారులు నడచునప్పటికి 300 అడుగులు అగును. సంవత్సరమునకు అది సుమారు 33 కిలోమీటర్లు. ఇరువది సంవత్సరములకు 660 కిలోమీటర్లు; అనగా ఇంచుమించు హైదరాబాదు నుండి విశాఖపట్నమునకు కాలినడకన పోయినంత. ఈ ప్రయాణపు ఖర్చు ఏ మేస్త్రి అంచనాలోను చేరదు.

కావున పద్దులో మొదటి పంక్తి గట్టు ఎత్తు గావలెను. నిత్యము వండువారి మోచేతికంటె అది నాలుగైదు అంగుళములు క్రిందుగా నుండుట మేలు. ఆ పిమ్మట ధనమును మూడు వరుసలుగా పంచుకొనవచ్చును. తిరిగి మార్చుటకు కష్టమైన నీటిగొట్టములు, మురుగుదారి, గోడలోని విద్యుత్తీగలు మొదటివి. మిక్సీకి, గ్రైండరునకు, ఫ్రిజ్జునకు ప్లగ్గులు ఎచ్చట కావలెనో ముందే నిర్ణయింపనిచో తరువాత గోడ పగులగొట్టవలసి వచ్చును. నిత్యము నీటిని, బరువును భరించునవి రెండవవి. తొట్టి క్రింది అలమరకు చౌకరకపు పొట్టుపలక వేసినచో తేమకు ఉబ్బిపోవును, ఐ.ఎస్. 710 గుర్తుగల ప్లైవుడ్ అచ్చట అవసరము. దినమునకు పలుమారులు కదలు కబ్జాలు, సొరుగుల పట్టాలు కూడ ఈ వరుసలోనివే. కంటికి మెరయు తలుపుల రంగు, నిగనిగ మూడవది, ఎప్పుడైనను మార్చుకొనదగినది. సాధారణముగా బేరము ఈ మూడవదానితోనే మొదలగుట విచారకరము.

ఒప్పుదలకు ముందు ధర చదరపుటడుగునకా, పొడవుటడుగునకా అని తేల్చుకొనవలెను. గ్రానైటు, తొట్టి, చిమ్నీ, అమర్చు కూలి, పన్ను అందులో చేరినవో లేవో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. పాత గోడ త్రవ్వినప్పుడు బయటపడు ఖర్చులకై మొత్తములో పదవవంతు వేరుగా నుంచుట వివేకము.

పాఠశాలలో లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడు ఈ విషయమును పిల్లలకు ఒక ఆదివారపు అభ్యాసముగా నీయవచ్చును. వంటయింటి గడపయొద్ద కూర్చుండి, ఉదయము మొదలు రాత్రి వరకు తల్లి ఎన్ని మారులు పొయ్యి నుండి తొట్టికి పోయినదో గీతలు గీచి లెక్కించుటయే ఆ అభ్యాసము. సాయంకాలమునకు ఆ కాగితము నిండుటయు, నడుమనే కొందరు పిల్లలు పలక ప్రక్కన పెట్టి నీళ్ళబిందె అందుకొనుటయు సంభవమే. ఆ కాగితము తండ్రి వ్రాయుచున్న పద్దునకు మొదటి పుట కాగలదు.